ఒకటే పేషెంటు, నాలుగు పోర్టళ్ళు: మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల ఈ పేజీలో ఆస్పత్రిలో క్యాష్‌లెస్ అడిగాక కౌంటర్ వెనక ఏం జరుగుద్దో కొంచెం రాశాను. పేషెంట్ల ఇంటివాళ్ళు రాస్తారు అనుకుంటే వచ్చిన ఉత్తరాల్లో సగం ఆస్పత్రి లోపల కూర్చుని టైపు కొట్టేవాళ్ళవే. నేనూ పదహారేళ్ళు అదే కుర్చీలో కూర్చున్నవాణ్ణి, మూడు ఆస్పత్రులు మారాను, నాలుగు కళ్ళజోళ్ళు మార్చాను, అందుకని ఈసారి పేజీ ఎక్కువ భాగం వాళ్ళకే ఇచ్చేస్తున్నా. పేర్లు వెయ్యొద్దని కొందరు అడిగారు కాబట్టి ఎవరివీ వెయ్యట్లేదు, ఊళ్ళు మాత్రం ఉంచాను.

ప్రశ్న: అన్నా నమస్తే. మాది జగిత్యాల దగ్గర ముప్పై పడకల ఆస్పత్రి, మా ఆయన సర్జన్, బిల్లింగు మొత్తం నేనే చూస్త. ఆరోగ్యశ్రీకి ఒక పోర్టల్, ఉద్యోగుల స్కీమ్‌కి ఒక లాగిన్, ప్రైవేటు ఇన్సూరెన్సులకి వాళ్ళ తరఫున క్లెయిమ్‌లు చూసే ఒక్కో టీపీఏకి ఒక్కో సైటు, పాస్‌వర్డులు రాసుకునేటందుకే ఒక నోట్‌బుక్కు పెట్టిన. ఒకటే మనిషి పేరు, వయసు, ఊరు, బీపీ ముందు మా సాఫ్ట్‌వేర్ల కొట్టాలె, మళ్ళ కేస్‌షీట్ మీద రాయాలె, మళ్ళ పోర్టల్ల కొట్టాలె. ఇప్పుడు ఎన్‌హెచ్‌సీఎక్స్ అని వచ్చింది, దాంట్ల చేరితే అన్నిటికి ఒకటే దారి అని సాఫ్ట్‌వేర్ అమ్మేటోళ్ళు వెంటపడుతున్నరు. నిజంగ నా పని తగ్గుతదా, ఇంకో పాస్‌వర్డ్ పెరుగుతదా?

జవాబు: చెల్లెమ్మా, ఆ నోట్‌బుక్కు నాకూ ఉండేది, వెనక పేజీలో పాల లెక్క. ముందు సూటిగా చెప్తా. ప్రైవేటు ఇన్సూరెన్స్ కేసుల్లో పని తగ్గే అవకాశం ఉంది, ఆరోగ్యశ్రీ కేసుల్లో మాత్రం ఆ స్కీమ్ నడిపే ట్రస్టు ఈ కొత్త దారికి కలిసేదాకా టైపింగు ఇప్పుడెలా ఉందో అలాగే ఉంటుంది, కాబట్టి నీ ఆస్పత్రిలో ఏ కేసులు ఎక్కువో చూసుకుని ఆ మేరకే ఆశపడు.

ఎన్‌హెచ్‌సీఎక్స్ అంటే నేషనల్ హెల్త్ క్లెయిమ్స్ ఎక్స్చేంజ్, ఆయుష్మాన్ భారత్ నడిపే నేషనల్ హెల్త్ అథారిటీయే దీన్నీ పెట్టింది. ఇది ఇంకో పోర్టల్ కాదు, మధ్యలో ఉండే దారి అంతే. ఈ పేషెంటుకి పాలసీ ఉందా అని అడగటం, ప్రీఆథ్, అంటే వైద్యానికి ముందస్తు అనుమతి కోసం అర్జీ, పంపటం, ఫైనల్ బిల్లు పంపటం, అటునుంచి ఒప్పుకున్నామనో ఫలానా కాగితం కావాలనో కబురు రావటం, ఇవన్నీ నీ సాఫ్ట్‌వేర్ నుంచే ఒకే అచ్చులో నడవాలనేది ఆలోచన. ఆ అచ్చు పేరు ఎఫ్‌హెచ్ఐఆర్, ఫైర్ అని పలుకుతారు, మంటకీ దానికీ ఏం సంబంధం లేదు. పేరుకి ఒక గడి, జబ్బు కోడ్‌కి ఒక గడి, రేటుకి ఒక గడి, అవతల ఏ కంపెనీ ఉన్నా గడులు మాత్రం అవే.

దీన్ని అందరూ యూపీఐతో పోలుస్తారు గానీ నాకు ఆ పోలిక సగమే నచ్చుద్ది. కిరాణా కొట్టాయనకి నువ్వు రెండొందలు కొడితే నీ బ్యాంకు "కందిపప్పు ఎందుకు, పెసరపప్పుతో సరిపెట్టుకోలేవా, డాక్టర్ చీటీ ఉందా" అని అడగదు. క్లెయిమ్ అట్లా కాదు, అవతల ఒక డాక్టర్ కూర్చుని చదివి, అనుమానపడి, మళ్ళీ చదివి అప్పుడు ఊఁ అంటాడు. నువ్వు కాగితం పంపటానికి పట్టే టైము తగ్గుద్ది, ఆయన అనుమానపడే టైము తగ్గదు. ప్రైవేటు ఇన్సూరెన్సుల్లో దీనికి కొంచెం ముక్కుతాడు పడింది, 2024 మే నెలలో ఇన్సూరెన్స్ కంపెనీల మీద పెత్తనం చేసే ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ అడిగిన గంటలోపు ఏదో ఒకటి తేల్చాలి, డిశ్చార్జ్ బిల్లు వెళ్ళాక మూడు గంటల్లోపు ఫైనల్ అప్రూవల్ ఇవ్వాలి. ఆ సర్క్యులర్ ప్రింటు తీసి డెస్కు మీద అద్దం కింద పెట్టుకో, ఫోన్‌లో మాట్లాడేటప్పుడు పనికొస్తది.

ఇంకో చిక్కు ఎవరూ చెప్పరు. దారి ఒకటైనా కోడ్ ఒకటి కాదు. తెలంగాణలో 2024 జులైలో రేట్లు మార్చాక ఆరోగ్యశ్రీలో 1,835 ప్రొసీజర్లు అయ్యాయి, ఏపీ లిస్టులో 3,257 ఉన్నాయి, కేంద్రం 2022 ప్యాకేజీల పుస్తకంలో 1,949. మీ ఆయన హెర్నియా చేసేది ఎవరికైనా ఒకటే చేత్తో, కానీ పేరు ఒకచోట ఒకటి, కోడ్ ఒకచోట ఒకటి, ఆ రేటులో ఏమేం కలిసున్నాయనేది ఎవరి లెక్క వాళ్ళది. కోడ్‌లు కలవనన్నాళ్ళూ నువ్వో నీ దగ్గర పనిచేసే అమ్మాయో కూర్చుని ఈ పట్టిక చూసి ఆ పట్టికలోకి మార్చుకోవాల్సిందే. నన్నడిగితే ఈ ఉమ్మడి దారి కంటే ముందు చెయ్యాల్సిన పని అదే, కానీ కోడ్‌లు సరిచేసినందుకు ఎవరూ రిబ్బన్ కత్తిరించరు కదా.

ఇక నీ దగ్గరికొచ్చే సాఫ్ట్‌వేర్ అబ్బాయిని రెండే రెండు అడుగు. మేం అడ్మిషన్ దగ్గర కొట్టిన వివరాలు నేరుగా ప్రీఆథ్ ఫారంలోకి వెళ్ళిపోతాయా, పీడీఎఫ్ తీసి మళ్ళీ అప్‌లోడ్ చెయ్యాలా? క్వెరీ, అంటే ఇది కావాలి అది కావాలి అనే ప్రశ్న, వస్తే మా తెర మీదికే వస్తుందా, ఇంకో సైటు తెరిచి చూసుకోవాలా? పీడీఎఫ్ అన్నాడో, టీ ఇచ్చి పంపించెయ్. ఎందుకంటే మనం ఆన్‌లైన్ ఆన్‌లైన్ అనుకుంటున్నది ఇవాళ్టికీ కాగితాన్ని ఫోటో తీసి పంపటమే. నర్సమ్మ రాత్రి పన్నెండింటికి టెంపరేచర్ చార్ట్ పెన్నుతో రాస్తది, పొద్దున వార్డ్ బాయ్ కేస్‌షీట్ తెచ్చి డెస్కు మీద పడేస్తాడు, మన పిల్ల దాన్ని కిటికీ దగ్గర వెలుతుర్లో పెట్టి సెల్‌లో ఫోటో కొట్టి, తన వాట్సాప్‌లోంచి తనకే పంపుకుని, కంప్యూటర్‌లో దించి, సైజు ఎక్కువైందంటే తగ్గించి, పైకెక్కిస్తది. పేజీ తలకిందులు. అవతల డాక్టర్ మెడ పక్కకి వాల్చి చదవాలి. పేషెంటు బొటనవేలి ముద్ర పక్కన మన పిల్ల బొటనవేలు కూడా పడి ఉంటది ఫోటోలో. గడుల్లో కొట్టిన వివరాన్ని కంప్యూటర్ చదువుద్ది, ఈ ఫోటోని మనిషే చదవాలి, మనిషి చదివితే టైము పడుద్ది.

ఇంకో మాట, మీ ఆస్పత్రిని హెల్త్ ఫెసిలిటీ రిజిస్ట్రీలో, మీ ఆయన్ని డాక్టర్ల రిజిస్ట్రీలో ఎక్కించారో లేదో చూసుకో. రేపు ఏ దారిలో చేరాలన్నా ముందు ఆ నంబర్లే అడుగుతారు.

ప్రశ్న: సార్, నేను ఆభా కార్డు తీసుకున్నాను, 14 అంకెలున్నాయి. మా నాన్నకి హార్ట్ ప్రాబ్లం వస్తే ఆస్పత్రిలో చూపించాను, ఇది పనిచెయ్యదు అన్నారు. మమ్మల్ని మోసం చేశారా? - ఖమ్మం

జవాబు: మోసం కాదమ్మా, పేర్ల గందరగోళం. ఆభా అనేది మీ రిపోర్టులన్నీ ఒకచోట కలపటానికి ఇచ్చిన నంబరు, దాంట్లో రూపాయి కూడా ఉండదు. ఆయుష్మాన్ కార్డు వేరు, అది కుటుంబానికి ఏడాదికి 5 లక్షల స్కీమ్. పేర్లు రెండూ ఆ అక్షరంతోనే మొదలైతే జనం ఏం చేస్తారు పాపం. మీది తెలంగాణ కాబట్టి ఆరోగ్యశ్రీ చూడండి, 2023 డిసెంబర్ 9 నుంచి పరిమితి 10 లక్షలు చేశారు, ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర డెస్కు దగ్గరికెళ్ళి రేషన్ కార్డూ ఆధారూ ఇవ్వండి. ఆభాని పారెయ్యకండి, పెద్దాస్పత్రుల్లో ఓపీ కౌంటర్ దగ్గర క్యూఆర్ స్కాన్ చేస్తే మీ పేరూ వయసూ దానంతటదే ఎక్కి టోకెన్ వస్తది, క్యూలో నిలబడే పని తప్పుద్ది.

ప్రశ్న: గురువుగారూ, నేను గుంటూరులో ఒక ఆస్పత్రిలో మెడ్కోగా, అంటే ఎన్టీఆర్ వైద్యసేవ స్కీమ్ క్లెయిమ్‌లు చూసే డాక్టర్‌గా, చేరి ఎనిమిది నెలలు. చదివింది డాక్టరీ, చేసేది క్వెరీలకి జవాబులు. తొడ ఎముక విరిగిన కేసు ఒకటి క్లెయిమ్ పెట్టాం, ఆపరేషన్ తర్వాత ఎక్స్‌రే లేదన్నారు, పెట్టాం. వారం తర్వాత ఎక్స్‌రే మీద పేరూ తేదీ కనబడట్లేదన్నారు, మళ్ళీ తీసి పెట్టాం. ఇంకో పది రోజులకి ఇంప్లాంట్, అంటే లోపల వేసిన రాడ్డో ప్లేటో, దాని డబ్బా మీది స్టిక్కర్ ఏదీ అన్నారు. ఈ మూడూ మొదటిరోజే ఒకేసారి అడగొచ్చు కదా? దీనికి మనవైపు నుంచి ఏమైనా చెయ్యగలమా? రేపు ఈ స్కీమ్‌లోకి ఇన్సూరెన్స్ కంపెనీలు కూడా వస్తాయంటున్నారు, అప్పుడు రెండు చోట్ల క్వెరీలా?

జవాబు: డాక్టర్ గారూ, నా గోడు మీ ఉత్తరంలో ఉంది. క్వెరీ ముక్కలు ముక్కలుగా ఎందుకొస్తుందంటే, అటుపక్క ఒకరే ఉండరు. ఆయుష్మాన్ పద్ధతిలో చూడండి, ప్రీఆథ్ చూసే డాక్టర్ వేరు, క్లెయిమ్‌లో కాగితాలున్నాయా లేదా చూసే ఎగ్జిక్యూటివ్ వేరు, వైద్యం సరిగ్గా ఉందా అని చూసే క్లెయిమ్ డాక్టర్ వేరు, ఆ తర్వాత అకౌంట్స్. ఒక్కొక్కళ్ళూ తమ ముందుకొచ్చినప్పుడు తమకి కనబడింది అడుగుతారు. పైగా క్వెరీ వెయ్యగానే ఫైలు వాళ్ళ బల్ల మీంచి మన బల్ల మీదికొస్తుంది, ఆలస్యం లెక్క మన వైపు నడుస్తుంది. సొంత రాష్ట్రంలో క్లెయిమ్ అయితే 15 రోజులు, వేరే రాష్ట్రం పేషెంటు అయితే 30 రోజుల్లో తేల్చాలని ఆయుష్మాన్ రూలు, కానీ మూడు క్వెరీలు పడ్డ ఫైలుకి ఆ 15 రోజులు ఎక్కణ్ణుంచి లెక్కపెట్టాలో మీరే చెప్పండి. కాగితాలకి సంబంధించిన క్వెరీ ఒకటే ఉండాలి, అదీ మొదట్లోనే, రెండోసారి అడగాలంటే అడిగేవాళ్ళు కారణం రాయాలి అని ఒక్క రూలు పెడితే సగం పెండింగు కరిగిపోద్ది. సాఫ్ట్‌వేర్‌లో దీనికి పట్టేది ఒక చిన్న మార్పు. చెయ్యరు, ఎందుకంటే క్వెరీ అనేది డబ్బు లేని నెలల్లో మర్యాదగా వాయిదా వెయ్యటానికి కూడా పనికొస్తుంది. ఇది నా అనుమానం, కాయితం చూపించమంటే చూపించలేను.

మన వైపు మాత్రం చెయ్యగలిగింది చాలా ఉంది. నాకు ఎప్పటికీ గుర్తుండే ఫైలు ఒకటి చెప్తా. కుడికాలు విరిగిన ముసలాయన. ఎక్స్‌రే కుడికాలు, ఆపరేషన్ నోట్సు కుడికాలు, డిశ్చార్జ్ సమ్మరీలో ఎడమకాలు. ఎందుకంటే మా డ్యూటీ డాక్టర్ ముందురోజు పేషెంటు సమ్మరీని కాపీ కొట్టి పేరు మార్చాడు, కాలు మార్చటం మర్చిపోయాడు. ఆ ఒక్క మాటకి ఆ క్లెయిమ్ నలభై రోజులు ఆగింది, మళ్ళీ సరిదిద్దిన సమ్మరీ పెడితే "ముందు పెట్టిందీ ఇదీ వేరుగా ఉన్నాయి, వివరణ ఇవ్వండి" అని ఇంకో క్వెరీ. ముసలాయన ఇంటికెళ్ళి, కట్టు విప్పించుకుని, కర్ర పట్టుకుని నడుస్తూ మళ్ళీ చెకప్‌కి కూడా వచ్చాడు, ఫైలు ఇంకా మంచం మీదే ఉంది. అందుకని చెప్తున్నా, పంపే ముందు అయిదు నిమిషాలు పక్కనబెట్టి టైములు చూసుకోండి, అడ్మిషన్ టైము, మత్తు ఇచ్చిన టైము, ఆపరేషన్ టైము ఒకదాని తర్వాత ఒకటి ఉన్నాయా, ఆపరేషన్ మొదలయ్యాక మత్తిచ్చినట్టు రాసిన కేస్‌షీట్లు నేను బోలెడు చూశాను. ఇంప్లాంట్ స్టిక్కర్ థియేటర్లోనే కేస్‌షీట్‌కి అంటించి ఇన్వాయిస్‌తో కలిపి అక్కడే ఫోటో కొట్టించండి, తర్వాత వెతికితే దొరకదు, డబ్బా చెత్తలోకి పోతుంది. ఎక్స్‌రే ఫిల్ముని లైట్‌బాక్స్ మీద పెట్టి తీసేటప్పుడు మూల మీద పేరూ తేదీ పడ్డాయా చూడమనండి, ఎముక కనబడితే చాలనుకుంటారు టెక్నీషియన్లు. పేషెంటు మంచం మీద ఉండగా తీసే ఆన్‌బెడ్ ఫోటో అడ్మిట్ అయిన రోజే. ఒక్కో ప్యాకేజీకి ఏమేం కాగితాలు తప్పనిసరో లిస్టు ఉంటుంది, మీరు ఎక్కువ చేసే పది ప్యాకేజీలకి ఆ లిస్టులు ప్రింటు తీసి వార్డులో నర్సుల బల్ల దగ్గర అంటించండి, మీ డెస్కు దగ్గర కాదు. కాగితం పుట్టేది అక్కడే.

ఇక ఇన్సూరెన్స్ సంగతి. 2025 సెప్టెంబర్లో ఏపీ కేబినెట్ ఒప్పుకున్న పద్ధతి ప్రకారం రెండున్నర లక్షల దాకా ఇన్సూరెన్స్ కంపెనీ, అది దాటి 25 లక్షల దాకా ఎన్టీఆర్ వైద్యసేవ ట్రస్టు. మెజారిటీ కేసులు రెండున్నర లోపే కాబట్టి మీ రోజువారీ గొడవ కంపెనీతోనే ఉంటుంది. నా భయమల్లా ఒక కేసు మధ్యలో గీత దాటినప్పుడు, రెండు లక్షలతో మొదలై ఐసీయూలో పన్నెండు రోజులుండి నాలుగు లక్షలైన కేసు. అప్పుడు ఒకటే ఫైలు అటూ ఇటూ కనబడాలి, మీ చేత రెండు ఫైళ్ళు పెట్టించకూడదు. మీ అసోసియేషన్ వాళ్ళు రేట్లూ బకాయిల మీదే మాట్లాడతారు, అది న్యాయమే, కానీ దీని గురించి కూడా గట్టిగా అడగమనండి, సాఫ్ట్‌వేర్ తెర గీసేటప్పుడు అడిగితేనే అవుద్ది, గీశాక అడిగితే "తర్వాతి వెర్షన్‌లో చూద్దాం" అంటారు. 2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైన దగ్గర్నుంచి ఈ స్కీమ్‌కి బోర్డులు మారాయి, రబ్బరు స్టాంపులు మారాయి, కౌంటర్లో కూర్చునే పిల్ల ఆరోగ్యమిత్ర నుంచి వైద్యమిత్ర అయింది, మళ్ళీ ఆరోగ్యమిత్ర అయింది, మళ్ళీ వైద్యమిత్ర అయింది. ఎక్స్‌రే మీద పేరు లేదనే క్వెరీ మాత్రం అదే.

ప్రశ్న: అన్నయ్యా, మా అమ్మకి ఆధార్‌లో ఇంటిపేరు ముందుంది, రేషన్ కార్డులో ఇంటిపేరే లేదు. ఒకదాంట్లో పేరు చివర "అమ్మ" ఉంది, ఇంకోదాంట్లో "దేవి" ఉంది. రాత్రిపూట కడుపునొప్పితో తీసుకెళ్తే పేరు కలవట్లేదు, ముందు నలభై వేలు కట్టండి, తర్వాత చూద్దాం అన్నారు. కట్టాం. ఇది రూలేనా? - ఆదోని

జవాబు: చెల్లీ, రూలు కాదు. ఎమర్జెన్సీ అయితే ఆస్పత్రివాళ్ళు ఫోన్‌లో అప్రూవల్ తీసుకుని వైద్యం మొదలుపెట్టే పద్ధతి ఈ స్కీమ్‌లో ఎప్పట్నుంచో ఉంది, కాగితాలు తర్వాత పెట్టుకోవచ్చు. రాత్రి రెండింటికి ఆ ఫోన్ చెయ్యటం డ్యూటీలో ఉన్న మనిషికి బద్ధకం, డబ్బు కట్టించుకోవటం సులువు, అంతే సంగతి. 104కి ఫోన్ చేసి కంప్లైంట్ రాయించండి, రసీదు నంబరూ అడ్మిషన్ తేదీ దగ్గర పెట్టుకుని చెయ్యండి, జిల్లా కోఆర్డినేటర్ ఆఫీసులో కూడా అర్జీ ఇవ్వండి. కట్టిన డబ్బుకి రసీదు లేకుండా తెల్ల చీటీ మీద రాసిచ్చి ఉంటే ఆ చీటీ పారెయ్యకండి.

ఈ పేర్ల జబ్బు మీ అమ్మ ఒక్కదానిది కాదు. మన పేర్లు మనకి తెలుగులో ఒకటే, కంప్యూటర్లోకి ఎక్కేది ఇంగ్లీషులో. "శ్రీ"ని ఒకడు ఎస్ ఆర్ ఐ అని కొడతాడు, ఒకడు మధ్యలో హెచ్ పెడతాడు, ఒకడు చివర రెండు ఈలు పెడతాడు, మీ సేవలో ఒకలా, బ్యాంకులో ఒకలా, ఓటరు కార్డులో నాన్న పేరే భర్త పేరు. తర్వాత ఆ మూడిటినీ ఎదురెదురుగా పెట్టి అక్షరం అక్షరం కలవాలంటే ఎలా కలుస్తాయి? ముందు సచివాలయంలో రేషన్ కార్డు ఈకేవైసీ చేయించండి, ఆధార్ నంబరుతో కార్డు ముడిపడితే పేరులో తేడా ఉన్నా వేలిముద్రతో తేలిపోద్ది. ఇది మంచానపడ్డాక చేసే పని కాదు, ఇంట్లో పెద్దవాళ్ళున్న ప్రతివాళ్ళూ ఈ వారమే చూసుకోండి.

పై వాళ్ళకి కూడా ఒక మాట. వివరాలు అడిగే గడులన్నీ తప్పనిసరి అని ఎర్ర చుక్క పెట్టినంత మాత్రాన నిజాలు రావు. 2023 ఆగస్టులో కాగ్ రిపోర్టు పార్లమెంటుకొచ్చింది గుర్తుందా, ఆయుష్మాన్ లిస్టులో దాదాపు ఏడున్నర లక్షల మందికి ఒకటే సెల్ నంబరు ఉందని. ఏంటా నంబరు అంటే పది తొమ్మిదులు. ఎవరూ దొంగతనానికి కొట్టింది అనుకోను నేను, చాలావరకు ఫోన్ లేని ముసలమ్మ ఎదురుగా కూర్చుంటే, నంబరు లేకుండా తెర ముందుకి కదలకపోతే, డేటా ఎంట్రీ కుర్రాడు తొమ్మిది మీద వేలు పెట్టి నొక్కి ఉంటాడు. ఫోన్ లేదు అని ఒక బటన్ పెట్టి ఉంటే ఆ నంబర్లన్నీ ఉండేవే కాదు.

ప్రశ్న: సర్, నేను హైదరాబాద్‌లో ఒక కంపెనీలో అమెరికా ఆస్పత్రుల క్లెయిమ్‌లు చూస్తాను, ఎనిమిదేళ్ళ నైట్ షిఫ్టు. అక్కడ 270 పంపితే 271 వస్తుంది, 837 పంపితే 835 వస్తుంది, అంతా కంప్యూటర్లే మాట్లాడుకుంటాయి. పొద్దున ఇంటికొచ్చి మా మామయ్యని ఆస్పత్రికి తీసుకెళ్తే అక్కడ జిరాక్సులు. అమెరికా వాళ్ళ క్లెయిమ్‌లు ఇక్కడ కూర్చుని చక్కబెడుతున్నాం, మనవి ఎందుకు చక్కబడవు?

జవాబు: తమ్ముడూ, నీ బాధ హైటెక్ సిటీ క్యాబుల్లో పొద్దున్నే తూగుతూ వచ్చే బోలెడుమందిది. చదివేవాళ్ళకి ఒక ముక్క చెప్తా, తమ్ముడు చెప్పిన అంకెలు లావాదేవీల పేర్లు. 270 అంటే ఈ మనిషికి ఇన్సూరెన్స్ ఉందా అని అడగటం, 271 జవాబు, 837 బిల్లు, 835 ఎంత ఇచ్చాం ఎంత కోశాం అనే లెక్క. అక్కడ 1996లో హిపా చట్టం చేశారు, అందరూ దాన్ని పేషెంట్ల రహస్యాలు కాపాడే చట్టమనుకుంటారు గానీ, దాంట్లో పాలనా పనిని సులువు చెయ్యటం అనే భాగం ఒకటి ఉంది, అచ్చులు ఒకటి, కోడ్‌లు ఒకటి, ప్రతి డాక్టర్‌కీ పది అంకెల ఎన్‌పీఐ నంబరు ఒకటి, ఇవన్నీ ఆ చెట్టు కాయలే. పెద్దవాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే మెడికేర్‌కీ ప్రైవేటు కంపెనీకీ ఒకటే 837. మనకి లేనిదల్లా అదే, చట్టం. మన దగ్గర చేరండి చేరండి అని పిలుస్తారు, అక్కడ చేరకపోతే ఊరుకోరు.

కానీ నువ్వు ఒకటి దాచావు, లేదా నీ టీమ్‌కి రాదేమో. ప్రీఆథ్‌కి 278 అని అచ్చు పెట్టి ఇరవై ఏళ్ళు దాటినా అక్కడ చాలామంది ఇప్పటికీ ఫోన్లూ ఫ్యాక్సులతోనే నడుపుతున్నారు. అవును, ఫ్యాక్సు. అచ్చు ఉంది కానీ ఎవరికి ఏ కాగితాలు కావాలో అదంతా ఆ అచ్చులో ఇమడలేదు, కాబట్టి మనుషులు పాత దారికే వెళ్ళారు. చివరికి 2024 జనవరి 17న మెడికేర్ చూసే వాళ్ళ ప్రభుత్వ సంస్థ సీఎంఎస్ ఒక రూలు తెచ్చింది, ప్రైవేటు కంపెనీల ద్వారా నడిచే మెడికేర్ అడ్వాంటేజ్, పేదల కోసం ఉన్న మెడికెయిడ్ లాంటివి 2026 నుంచి అర్జెంటు ప్రీఆథ్ 72 గంటల్లో, మామూలుది ఏడు రోజుల్లో తేల్చాలి, కాదంటే ఎందుకు కాదో స్పష్టంగా రాయాలి. దానికి వాడమన్న అచ్చు ఏంటో తెలుసా, మన ఎన్‌హెచ్‌సీఎక్స్ పట్టుకున్న ఎఫ్‌హెచ్ఐఆరే. ఈ ఒక్క విషయంలో మనం వాళ్ళకంటే వెనక లేము, పాత సామాను మొయ్యక్కర్లేదు కాబట్టి కొంచెం తేలిక కూడా.

ఇంకోటి కూడా అక్కణ్ణుంచే నేర్చుకోవాలి. 2024 ఫిబ్రవరిలో ఛేంజ్ హెల్త్‌కేర్ అనే కంపెనీ మీద సైబర్ దాడి జరిగింది కదా, అమెరికా క్లెయిమ్‌లలో పెద్ద వాటా ఆ ఒక్క గేటు గుండానే పోయేది, అది మూసుకుంటే మందుల షాపుల దగ్గర్నుంచి ఆస్పత్రుల దాకా డబ్బు ఆగిపోయింది. వాళ్ళు లోపలికి ఎలా దూరారంటే, బయట్నుంచి లాగిన్ అయ్యే ఒక పోర్టల్‌కి రెండో తాళం, అంటే ఓటీపీ లాంటిది, పెట్టలేదు. 2.2 కోట్ల డాలర్లు కట్టారు ఆ దొంగలకి. మన దగ్గర అన్నిటికీ ఒకటే దారి వేస్తున్నప్పుడు ఆ దారి ఒక పూట మూతపడితే ఐసీయూ బయట కూర్చున్నవాళ్ళ సంగతేంటి, అప్పుడు చేత్తో రాసిన ప్రీఆథ్ చెల్లుతుందా లేదా అన్నది ముందే రాసిపెట్టుకోవాలి. జగిత్యాల చెల్లెమ్మ పాస్‌వర్డులకి నోట్‌బుక్కు పెట్టిందని చదవగానే నాకు మొదట గుర్తొచ్చింది ఇదే. అమ్మా, దాన్ని బీరువాలో పెట్టు.

ప్రశ్న: సార్, పాశమైలారం ఫ్యాక్టరీల పనిచేస్త. ఈఎస్ఐ కట్ అయితున్నది ప్రతి నెల జీతంల. మా భార్యకు ఆపరేషన్ ఉన్నదని పోతే కంప్యూటర్ల నాట్ ఎలిజిబుల్ అని చూపెడుతున్నదన్నరు. జీతం స్లిప్పుల కోసిండ్రు కదా?

జవాబు: తమ్మీ, నీ జీతంలో కొయ్యటం వేరు, కంపెనీ దాన్ని కట్టటం వేరు. నీ వాటా 0.75 శాతం, కంపెనీ వాటా 3.25 శాతం, రెండూ కలిపి తర్వాతి నెల 15వ తారీఖు లోపు కంపెనీయే కట్టాలి. కంప్యూటర్‌కి కనబడేది నీ స్లిప్పు కాదు, ఆ కట్టిన చలానా. ఇంకో సంగతి, ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా కట్టినదానికి నగదు ప్రయోజనాలు జనవరి నుంచి జూన్ దాకా వస్తాయి, అక్టోబర్ నుంచి మార్చి దాకా కట్టినదానికి జులై నుంచి డిసెంబర్ దాకా, ఈ ఆర్నెల్ల లెక్క తెలియక చాలామంది కంగారుపడతారు. వైద్యానికి, అందులోనూ పెద్ద ఆపరేషన్లకి, ఎన్ని రోజుల చందా ఉండాలో డిస్పెన్సరీలో అడుగు. ముందు ఈఎస్ఐసీ సైటులో నీ ఐపీ (ఇన్సూర్డ్ పర్సన్) నంబరుతో లాగిన్ అయి ఏ నెల చందా పడింది ఏ నెల పడలేదు చూడు, నీ భార్య పేరూ ఆధారూ కుటుంబం లిస్టులో ఎక్కాయా అదీ చూడు, సగం కేసుల్లో తేడా అక్కడే ఉంటది, పెళ్ళికి ముందు ఉద్యోగంలో చేరినోళ్ళు భార్య పేరు ఎక్కించటం మర్చిపోతారు. చందా పడకపోతే స్లిప్పులు జిరాక్స్ తీసి ఈఎస్ఐసీ బ్రాంచ్ ఆఫీసులో అర్జీ ఇవ్వు, కంపెనీ దగ్గర ముక్కు పిండి వసూలు చేసుకునే అధికారం వాళ్ళకుంది. స్లిప్పుల ఒరిజినల్స్ మాత్రం ఎవరికీ ఇవ్వకు, అర్జీ మీద ముద్ర వేయించుకుని ఒక కాపీ నీ దగ్గరే ఉంచుకో.